ముందుగా చూడవలసినది ఏది?

రాయలసీమ నుండి ఒక తల్లి మాకు లేఖ వ్రాశారు. ఆమె కుమార్తె ఇక్కడే బీఎస్సీ నర్సింగ్ చదివి, వివాహానంతరం అమెరికా వెళ్లి, ఎనిమిదేళ్లుగా అక్కడి ఆసుపత్రిలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్నారు. ఇద్దరు పిల్లలు. ఉద్యోగం చేస్తూనే మానసిక వైద్యంలో నర్స్ ప్రాక్టీషనర్ చదువు పూర్తిచేశారు. చివరి ధ్రువీకరణ పరీక్షలో మాత్రం కొద్దిలో తప్పారు. "ఉన్న ఉద్యోగం చాలదా, పిచ్చివాళ్లకు మందులిచ్చే ఈ పని నీకెందుకని అత్తవారింట్లో అంటున్నారు. అమ్మాయి నోరు మెదపడం లేదు. మళ్లీ వ్రాయమనాలా, మానుకోమనాలా?" అన్నది ఆ తల్లి ప్రశ్న.

మన ఇళ్లలో నర్సింగ్ చదివి విదేశాలకు వెళ్లిన ఆడపిల్లలు కొద్దిమంది కారు. వారు ఏ పరీక్షకు కూర్చుంటున్నారో, అది వారినుండి ఏమి కోరుతుందో ఇంట్లో పెద్దలకు తెలియకపోవడం వల్ల సలహాలు తొందరగా వెలువడుతున్నాయి. అందుకని పరీక్ష నిర్వాహకులు ప్రకటించిన నియమాలను చూసి, ఆ వృత్తిలో ఉన్నవారితో మాట్లాడి, ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

పని ఏమిటి, పరీక్ష ఏమిటి

వైద్యుడు వ్రాసిన మందును వేళకు ఇచ్చి, రోగిని కనిపెట్టుకుని ఉండడం సాధారణ నర్సు విధి. నర్స్ ప్రాక్టీషనర్ బాధ్యత అంతకంటే పెద్దది. రోగితో మాట్లాడి, పరీక్షించి, వ్యాధిని తానే నిర్ధారిస్తారు. మందు తానే వ్రాస్తారు. మానసిక చికిత్సకు సంబంధించిన సంభాషణలు తానే నడుపుతారు. మానసిక వైద్య విభాగంలో అయితే పసిపిల్లల నుండి వృద్ధుల వరకు అన్ని వయస్సుల వారినీ చూడాలి. వాషింగ్టన్, అరిజోనా వంటి రాష్ట్రాలలో వీరు స్వతంత్రంగా వైద్యం చేయవచ్చు. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో మందులు వ్రాయడానికి ఒక వైద్యునితో ఒప్పందం ఉండాలి.

ఈ పరీక్షను అమెరికన్ నర్సెస్ క్రెడెన్షియలింగ్ సెంటర్ అనే సంస్థ నిర్వహిస్తుంది. పరీక్షకు కూర్చోవాలంటే నర్సు లైసెన్సు అమలులో ఉండాలి. గుర్తింపు పొందిన విద్యాసంస్థలో ఈ విభాగంలోనే మాస్టర్స్ లేదా అంతకు పైస్థాయి చదువు పూర్తిచేసి ఉండాలి. అందులో శరీర ధర్మ శాస్త్రం, రోగి పరీక్షా విధానం, ఔషధ శాస్త్రం ఉన్నత స్థాయిలో విడివిడిగా చదివి ఉండాలి. పర్యవేక్షణలో కనీసం 500 గంటలు రోగులను చూసి ఉండాలి.

ప్రశ్నపత్రంలో 175 ప్రశ్నలుంటాయి. సమయం మూడున్నర గంటలు. మార్కులు లెక్కకు వచ్చేవి 150 ప్రశ్నలకే. తక్కిన 25 ప్రశ్నలు భవిష్యత్తు పరీక్షల కోసం నిర్వాహకులు పరీక్షించి చూసుకునేవి. ఏవి ఆ 25 అన్నది వ్రాసేవారికి తెలియదు. వచ్చిన మార్కులను 500 వరకు ఉండే ఒక కొలమానంలోకి మార్చి, 350 వస్తే ఉత్తీర్ణులుగా ప్రకటిస్తారు. ధ్రువీకరణ ఐదేళ్లు చెల్లుతుంది. తరువాత పునరుద్ధరించుకోవాలి.

తప్పినవారు 60 రోజుల తరువాత మళ్లీ వ్రాయవచ్చు. పన్నెండు నెలల్లో మూడు పర్యాయాలకు మించి వ్రాయరాదు. తప్పినవారికి ఏ విభాగంలో బలహీనంగా ఉన్నారో తెలిపే వివరం కూడా ఇస్తారు. అంటే ఒక్కసారి తప్పితే తలుపు మూసుకుపోయే పరీక్ష కాదిది. ఆ కాగితాన్ని సిగ్గుతో దాచిపెట్టకుండా, ముందు పెట్టుకుని చదవవలసిన పరీక్ష.

జ్ఞాపకం ఒకటి, వివేచన ఒకటి

ఇన్నేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న మాకు ఒక సంగతి అనుభవంలోకి వచ్చింది. గ్రంథం మొత్తం అప్పజెప్పగల విద్యార్థి ఉంటాడు. ఎదుట ఒక సమస్య పెట్టి, దీనికి ఏ నియమం వర్తిస్తుందని అడిగితే తడబడతాడు. అతనికి తెలిసినది తక్కువేమీ కాదు. తెలిసిన పది విషయాలలో ఇక్కడ ముందుగా దేనిని పట్టుకోవాలన్నది అతనికి అలవాటు కాలేదు.

ఈ పరీక్షలో తప్పే చాలామంది కష్టమూ ఇదేనని మాకు అర్థమయింది. నాలుగు జవాబులు ఇస్తారు. అందులో రెండో మూడో మంచివే అయి ఉంటాయి. "ముందుగా ఏమి చేస్తారు?" అని అడుగుతారు. ఔషధాల పట్టికలన్నీ కంఠస్థం చేసిన అమ్మాయి, మంచి జవాబు గుర్తించి, ముందు చేయవలసిన దానిని వదిలివేస్తుంది. కాబట్టి ఏ ప్రశ్న చదివినా ఒక వరుసలో ఆలోచించడం అలవాటు చేసుకోవాలి: మొదట ప్రాణాపాయం ఉన్నదా? తరువాత, ఇది శరీర వ్యాధి వల్ల వచ్చినదా? ఆపైన, మందు వల్ల వచ్చినదా? ఈ మూడూ చూసిన పిదపనే మానసిక వ్యాధి పేరు, కొత్త మందు.

ప్రాణాపాయం ముందు. కుంగుబాటుతో వచ్చిన స్త్రీ "నేను లేకపోతే అందరికీ మేలు" అన్నదనుకోండి. నిద్రకు మందు, కుటుంబ సభ్యులతో సంభాషణ, వారం తరువాత మళ్లీ రమ్మనడం, ఇవన్నీ మంచి పనులే. కానీ ముందు చేయవలసినది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్నదా, అందుకు మార్గం ఏదైనా అనుకున్నదా, ఆ సాధనం చేతికి అందేలా ఉన్నదా అని సూటిగా, మృదువుగా అడగడం. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మన ఇళ్లలో భయపడతారు. ఆ భయం సరైనది కాదు. అడిగినందువల్ల ప్రమాదం పెరగదు. చెప్పుకోవడానికి ఒక దారి దొరుకుతుంది. ఇది నర్సులకే కాదు, తల్లిదండ్రులకూ తెలిసి ఉండవలసిన విషయం. మన దేశంలో ఇటువంటి వేళ ఉచితంగా మాట్లాడడానికి 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సంఖ్య 14416 ఉన్నది.

శరీర కారణం రెండవది. డెబ్బై ఐదేళ్ల వృద్ధుడు రెండు రోజుల నుండి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. ఉదయం బాగుంటాడు, రాత్రి మనుషులను గుర్తుపట్టడు. ఇంట్లోవారు వయసు మీదపడి మతి తప్పిందంటారు. కానీ మతిమరుపు వ్యాధి నెలలు, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. రెండు రోజుల్లో వచ్చి, గంటగంటకూ మారేది డెలీరియం. దాని వెనుక మూత్రకోశంలో ఇన్ఫెక్షనో, శరీరంలో నీరు తగ్గడమో, కొత్తగా వేసుకున్న మందో ఉంటుంది. దానిని వెతకడమే ముందు పని. అదే విధంగా, నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం, మనసు మందగించడం కలిసి కనిపించిన స్త్రీకి కుంగుబాటు అని పేరు పెట్టేముందు థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

మందు వల్ల కలిగినది మూడవది. భ్రమలతో బాధపడుతున్న యువకునికి హాలోపెరిడాల్ మొదలుపెట్టారు. నాలుగు రోజులకు అతడు ఒకచోట కూర్చోలేక, నిలబడలేక, గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వ్యాధి ముదిరిందనుకుని మందు పెంచితే బాధ మరింత పెరుగుతుంది. ఇది ఆ మందు వల్ల కలిగే అకథీసియా అనే స్థితి. మందు తగ్గించడమో, ప్రొప్రనొలాల్ వంటిది ఇవ్వడమో చేయాలి. మరొకటి చూడండి: క్లోజపీన్ వాడుతున్న రోగి రోజూ సిగరెట్లు త్రాగేవాడు, ఆసుపత్రిలో చేరి మానివేశాడు. కొద్దిరోజులకే మత్తు, నోట లాలాజలం ఎక్కువయ్యాయి. పొగాకు పొగ ఆ మందును కాలేయంలో త్వరగా విరిచేలా చేస్తుంది. పొగ ఆగితే అదే మోతాదుకు రక్తంలో మందు పెరుగుతుంది. పొగ మానడం మంచిదే, కానీ మోతాదు చూసుకోవలసినవారు చూసుకోకపోతే ఆ మంచి పనే ప్రమాదం తెస్తుంది.

ఈ వరుస దాటిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. కుంగుబాటుకు మందు వ్రాసేముందు, గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాటలు ఆగకుండా, చేతికి వచ్చినట్టు డబ్బు ఖర్చు చేసిన కాలం ఉన్నదా అని అడిగి తీరాలి. ఉన్నట్లయితే అది బైపోలార్ రుగ్మత కావచ్చు. అటువంటివారికి కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే ఉన్మాద స్థితి రావచ్చు. రోగి తానుగా ఈ సంగతి చెప్పడు. ఆ రోజులు అతనికి వ్యాధిగా తోచవు కనుక.

మన ఇళ్లకు సంబంధించిన ప్రశ్నలు

ఈ చదువులోని కొన్ని అంశాలు మన కుటుంబాలకు చాలా దగ్గరివి. లిథియం అనే మందు సంగతి చూడండి. రక్తంలో అది సాధారణంగా లీటరుకు 0.6 నుండి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. మేలుకూ కీడుకూ మధ్య దూరం అంత తక్కువ. శరీరంలో నీరు తగ్గినా, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్ర వేసుకున్నా అది పెరుగుతుంది. వేసవిలో వచ్చే రమజానులో పగలంతా నీరు లేకుండా ఉండే రోగి విషయంలో ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. లిథియం వాడేవారు నెల ప్రారంభం కాకముందే వైద్యులను సంప్రదించాలి. మందును తమంతట తాము ఆపరాదు, వేళలు మార్చుకోరాదు. రోగులకు ధర్మం ఇచ్చిన సడలింపు మన పాఠకులకు తెలిసినదే. అమెరికాలోని వైద్యునికి ఉపవాసమంటే నీరు కూడా త్రాగరని తెలియకపోవచ్చు. మన ఇంటినుండి వెళ్లిన నర్సు ఆ ప్రశ్న అడగగలరు.

కార్బమాజెపీన్ అనే మరో మందు ఉన్నది. హెచ్ఎల్ఏ-బీ 1502 అనే జన్యు లక్షణం ఉన్నవారికి అది చర్మం ఊడిపోయే ప్రాణాంతక ప్రతిచర్య కలిగించవచ్చు. ఆ లక్షణం ఆసియా సంతతిలో ఎక్కువగా కనిపిస్తుంది కనుక, మందు మొదలుపెట్టే ముందు వారికి జన్యు పరీక్ష చేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది.

భాష విషయం కూడా అంతే. మన పెద్దవాళ్లు "నాకు కుంగుబాటుగా ఉంది" అని చెప్పరు. గుండెదడ, ఒళ్లంతా మంటలు, తల బరువు అంటారు. కొందరు దిష్టి అంటారు, గాలి సోకిందంటారు. రోగి తన బాధకు తాను ఏ పేరు పెట్టుకుంటాడో, కారణం ఏమని నమ్ముతాడో అడిగి తెలుసుకోవడానికి అమెరికా మానసిక వైద్యుల వ్యాధి నిర్ధారణ గ్రంథం అయిదవ కూర్పులో 16 ప్రశ్నల పట్టిక ఒకటి చేర్చారు. తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన నర్సు ఆ ప్రశ్నలు అడిగితే రోగికి దుబాసీ అవసరం ఉండదు.

మన పిల్లలకు కష్టమనిపించే అంశం ఒకటున్నది. అది గోప్యత. మన సంప్రదాయంలో ఇంటి పెద్దకు అన్నీ తెలియాలి. అక్కడ వయోజనురాలైన స్త్రీ సమ్మతి లేకుండా ఆమె చికిత్స వివరాలు భర్తకు కూడా చెప్పరాదు. అయితే రోగి ఫలానా వ్యక్తిని చంపుతానని చెబితే ఆ వ్యక్తి రక్షణకు చర్య తీసుకోవలసిన బాధ్యత చికిత్సకునిపై ఉంటుందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టారసాఫ్ కేసులో తీర్పునిచ్చింది. ఆ నియమం రాష్ట్రాన్ని బట్టి కొంత మారుతుంది. పరీక్షలో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో అడుగుతారు. అత్తగారు ఫోను చేసి కోడలి సంగతి అడిగారన్న ప్రశ్న వస్తే, జవాబు మన ఇంటి అలవాటు నుండి కాక నియమం నుండి రావాలి.

చదివే విధానం

కంఠస్థం చేయవలసినది కూడా ఈ పరీక్షలో తక్కువేమీ లేదు. ఆ విషయంలో మన మదరసాల హిఫ్జ్ పద్ధతికి మించినది మాకు కనిపించలేదు. హిఫ్జ్ విద్యార్థి ప్రతిరోజూ మూడు పనులు చేస్తాడు. సబఖ్, అంటే నేటి కొత్త పాఠం. సబ్ఖీ, అంటే ఇటీవలి పాఠాల పునశ్చరణ. మంజిల్, అంటే ఎప్పుడో పూర్తయిన భాగంలో కొంత. కొత్త పాఠం మీద ఉత్సాహంతో మంజిల్ వదిలిన పిల్లవాడు ముందుకు పోతున్నట్టే కనిపిస్తాడు. ఆరు నెలలకు వెనుక ఉన్నదంతా జారిపోతుంది.

నర్సు పరీక్షకు కూడా ఇదే వరుస పనికివస్తుంది. ఈ రోజు సబఖ్ మనఃస్థితిని నిలకడగా ఉంచే మందులనుకోండి. సబ్ఖీగా గత వారం చదివిన భ్రమల మందులు. మంజిల్‌గా మొదటి నెలలో చదివిన ఎరిక్సన్ ఎనిమిది దశలు, లేదా 1952లో హిల్డెగార్డ్ పెప్లా తన గ్రంథంలో వివరించిన నర్సు-రోగి సంబంధపు దశలు. మూడింటికీ రోజూ కొంత సమయం ఉండాలి.

హిఫ్జ్‌లో ఉస్తాదు ఎదుట అప్పజెప్పనిదే పాఠం పూర్తి కాదు. ఇక్కడ ఉస్తాదు స్థానంలో అభ్యాస ప్రశ్నలున్నాయి. రోజుకు ఇరవై అయిదు చేసినా చాలు. కానీ తప్పిన ప్రతి ప్రశ్నకూ ఒక పుస్తకంలో కారణం వ్రాయాలి. మూడే కారణాలుంటాయి: విషయం తెలియదు, ప్రశ్న సరిగా చదవలేదు, విషయం తెలిసి కూడా వరుస తప్పాను. రెండు వారాల తరువాత లెక్క చూసుకోవాలి. మొదటి కారణం ఎక్కువగా ఉంటే చదువు పెంచాలి. రెండవది ఎక్కువైతే నిద్ర, నిదానం పెంచాలి. మూడవది ఎక్కువైతే కొత్త పుస్తకాలు కొని ప్రయోజనం లేదు. చేసిన ప్రశ్నలనే మళ్లీ తీసి, ఆ జవాబు ఎందుకు ముందు, ఇది ఎందుకు తరువాత అని పైకి చెప్పుకుంటూ చేయాలి. కొద్దిలో తప్పినవారిలో ఈ మూడవ కారణం ఉన్నదేమో తప్పక చూసుకోవాలి.

175 ప్రశ్నలకు 210 నిమిషాలంటే ఒక్కో ప్రశ్నకు 72 సెకన్లు. పరీక్షకు ముందు కనీసం రెండుసార్లు ఒకే బైఠకులో మొత్తం వ్రాసి చూడాలి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలరాదు. ఎన్నడూ వినని విషయం ఎదురైతే అది లెక్కకు రాని ఆ 25లో ఒకటి కావచ్చునని తలచి ముందుకు సాగాలి.

ఇంటివారి బాధ్యత

ఇక ఆ తల్లికి, ఆమె వియ్యంకులకు మా మనవి. "పిచ్చివాళ్లు" అన్న మాటను ముందు ఇంటినుండి బయటకు పంపండి. ప్రసవం తరువాత కారణం తెలియకుండా ఏడ్చే బాలింత, బడిలో కుదురుగా కూర్చోలేని పిల్లవాడు, కొడుకు పేరు మరచిన తండ్రి, వీరే ఆ అమ్మాయి చూడబోయే రోగులు. వీరిలో ఒక్కరైనా లేని ఇల్లు ఏది?

మళ్లీ వ్రాయమని చెప్పండి. అయితే "నీ ఇష్టం, వ్రాసుకో" అని ఊరుకోవడం సహాయం కాదు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం ఉన్న స్త్రీకి కొరతగా ఉన్నది సమయం. రోజుకు రెండు గంటలు ఆమెవి అని భర్త నిర్ణయించి, ఆ వేళ పిల్లలను, వంటింటిని తాను చూసుకోవాలి. ఆ గంటల్లో ఇక్కడినుండి ఫోను చేయకుండా ఉండడం మనం చేయగల సహాయం. పరీక్షకు ముందు వారం రాత్రి డ్యూటీలు లేకుండా సెలవు పెట్టుకోవాలి. పరీక్ష తేదీని బంధువులందరికీ ప్రకటించకండి. ఫలితం తెలిసిన రోజు ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలోనన్న బెంగ ఆమె మీద వేయరాదు.

ఇక్కడే ఉండి ఈ పని నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలకు ఒక మాట. మానసిక వైద్యంలో స్వయంగా మందులు వ్రాసే నర్సు హోదా మన దేశంలో ఇంకా లేదు. కానీ మానసిక ఆరోగ్య నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, రెండేళ్ల ఎమ్మెస్సీ ఉన్నాయి. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఈ చదువుకు పేరెన్నికగన్నది. అమెరికా మార్గం కోరేవారు ముందు అక్కడి రిజిస్టర్డ్ నర్సు పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణులు కావాలి. పైన చెప్పిన చదువు, పరీక్ష ఆ తరువాతి మెట్లు.

ఏ మార్గంలో వెళ్లినా చివరకు అడిగేది ఒక్కటే: ఎదుట కూర్చున్న మనిషికి ఈ క్షణాన ముందుగా కావలసినది ఏది? ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగల ఆడపిల్ల ఒక్కరు తయారైనా, ఎన్నో ఇళ్లలో మూసిన గది తలుపులు తెరుచుకుంటాయి, ఇన్షా అల్లాహ్.